ఆడపెళ్ళివారి శుభలేఖ

కటక్,
జూన్ 18, 2024.

పూజ్యులైన సూర్యకళ మేడమ్ గారికి,

ప్రణతి నమస్కారాలు. ఫోన్‌లో చెప్పిన మాటకు పూచీ ఉండదని మీరంటారు కనుక ఉత్తరమే రాస్తున్నాను. నిజానికి ఈ సంగతి ఫోన్‌లో చెప్పే ధైర్యమూ నాకు లేదు.

మా తాతగారు భీమరాజు గారూ, మీరూ కలిసి 1987లో ప్రచురించిన వ్యాసం మీద ఇక్కడ మూడేళ్ళుగా పని చేస్తున్నానని మీకు తెలుసు. తీరమణి వరి మొలక దశలోనే ఉప్పునీటిని తట్టుకోవడానికి కారణం దాని తల్లి మొక్క నుంచి వచ్చిన గుణమని అందులో మీరు చూపించారు. ఉప్పునేలల వరి గురించి ఆ తరువాత రాసినవారిలో ఆ వ్యాసాన్ని పేర్కొనని వారు లేరు. నేను ఈ చదువులోకి వచ్చిందీ అది చదివే. అదే సంకరాన్ని మళ్ళీ చేసి, ఆ గుణం మొక్కలో ఎక్కడ ఉందో తేల్చడం నా పని.

నా మొలకలు చచ్చిపోతున్నాయి, మేడమ్. మొదటి ఏడాది నాకే పని చేతకాలేదనుకున్నాను. రెండో ఏడాది వాతావరణాన్ని తప్పుపట్టాను. ఈసారి కూడా ఉప్పునీరు పెట్టిన కొద్ది రోజులకే ఆకుల కొనలు తెల్లబడి, మొలకలన్నీ ఒరిగిపోయాయి. మా విభాగాధిపతి సత్యప్రసాద్ గారు ఓపికగల మనిషి. ఆయన కూడా నిన్న, "ఆ వ్యాసం నిలబడదని మనమే రాద్దామమ్మా. మనం రాయకపోతే ఇంకెవరో రాస్తారు" అన్నారు. జనవరి నెలాఖరులోగా పంపాలట. రచయితల్లో నా పేరు మొదట ఉంటుందట.

మీ వ్యాసాన్ని కొట్టివేసే వ్యాసం మీద నా పేరు. ఏం చేయమంటారు?

మీ విద్యార్థిని,
ప్రణతి.

---

రామచంద్రపురం,
జూన్ 29.

చిరంజీవి ప్రణతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మడిచిపెట్టాను. మళ్ళీ తీసి చదివాను. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మా ఇంటి యజమానురాలు కృపారాణి గారు నిన్న మెట్లెక్కి వచ్చి, "మేడ మీద ఏంటండీ ఆ నడక, కింద మా ఫ్యాను ఊగిపోతోంది" అన్నారు. వయసు మళ్ళింది, ఒంటరిగా ఎందుకు, మాతో వచ్చి ఉండమని మా గణేష్‌బాబు ఫోన్ చేస్తే వాడి మీద విసుక్కున్నాను. వాడి తప్పేమీ లేదు. మా అన్నయ్య కొడుకు కనుక దొరికాడు.

వ్యాసం నిలబడదన్న మాట నన్ను గుచ్చింది. తీరమణి మొగల్తూరు పక్కన చౌడు పొలాల్లో ఈనాటికీ నిలబడే ఉంది. మీ సత్యప్రసాద్ గారు నరసాపురంలో రైలు దిగితే నేనే దగ్గరుండి చూపిస్తాను.

నువ్వు కలిపిన ఉప్పు సముద్రపుదా, ప్రయోగశాల సీసాలోదా? కుండీలో నీరు ఎండకు ఇగిరిపోతే ఉప్పు గాఢత పెరుగుతుంది. పూట పూటకూ కొలిచావా? పెళ్ళి నీ చేతులతో జరిపావా, ఇంకెవరికైనా అప్పగించావా? మనం సంకరాన్ని పెళ్ళి అనేవాళ్ళమని మరిచిపోలేదు కదా. అన్నీ వివరంగా రాయి.

ఒక్క మాట. వ్యాసం తప్పని తేలితే నిస్సంకోచంగా రాయి. నా మీద గౌరవంతో ఒక అబద్ధాన్ని బతకనిస్తే నేను నీ మొహం చూడను. కాని తేలిన తరువాతే రాయి.

ఆశీస్సులతో,
సూర్యకళ.

---

కటక్,
జూలై 14.

పూజ్యులైన మేడమ్ గారికి,

ఉప్పు సముద్రపుదే. గాఢత ఉదయం, సాయంత్రం కొలిచాను. పెళ్ళిళ్ళన్నీ నా చేతులతోనే జరిగాయి. వ్యాసంలోని పట్టికలో 'భీమ-4/చౌడుగౌరి' అని ఉంది. గీతకు ముందు రాసే పేరు తల్లిదని మొదటి పాఠంలోనే మీరు నేర్పారు. అందుకని తాతగారు సృష్టించిన భీమ-4ను పెళ్ళికూతురు చేశాను. దాని పూల కొనలు కత్తిరించి, పుప్పొడి తిత్తులు ఒక్కటీ మిగలకుండా తీసేసి, మొగల్తూరు నాటురకం చౌడుగౌరి పుప్పొడి దులిపాను. ఇందులో ఎక్కడ తప్పానో చెప్పండి.

భీమవరంలో మావాళ్ళు రైతుల కోసం విత్తన కేంద్రం కట్టిస్తున్నారు. దానికి తాతగారి పేరు పెడుతున్నారు. ఫిబ్రవరిలో ప్రారంభం. తీరమణి గురించి మీరు మాట్లాడాలని అమ్మ కోరుతోంది. తాతగారికి తొంభై ఒకటి. కొన్ని రోజులు నన్ను గుర్తుపడతారు, కొన్ని రోజులు మా అత్త అనుకుంటారు.

నమస్కారాలతో,
ప్రణతి.

---

రామచంద్రపురం,
జూలై 25.

ప్రణతీ,

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం దాటి ముందుకు పోలేకపోయాను. భీమ-4ను పెళ్ళికూతురు చేశానన్నావు.

అది పెళ్ళికొడుకు. చౌడుగౌరి తల్లి. నేను మొగల్తూరు నుంచి తెచ్చి పెంచినదీ, నా చేతులతో కొనలు కత్తిరించినదీ చౌడుగౌరి కంకులనే. అచ్చులో పేర్లు రెండూ తారుమారయ్యాయి. ఆ సంచిక చేతికి వచ్చిన రోజే నేను గమనించాను. సవరణ కూడా అప్పుడే పత్రికకు వెళ్ళింది. అది చూసుకోకుండా మూడేళ్ళ మొలకలను చంపుకున్నావా? ఇలాంటి పనికి పరీక్షలో నీకు సున్నా వేసి ఉండేదాన్ని.

సూర్యకళ.

---

కటక్,
ఆగస్టు 20.

పూజ్యులైన మేడమ్ గారికి,

మీ కోపం చూసి ముందు ఏడ్చాను, తరువాత గ్రంథాలయానికి వెళ్ళాను. ఆ పత్రిక సంచికలన్నీ, అది ఆగిపోయేదాకా, ఒక్కొక్కటీ తిరగేశాను. సవరణ ఎక్కడా లేదు. పాత సంపాదకవర్గంలో ఒకాయన మైసూరులో ఉన్నారని తెలిసి ఆయనకు రాశాను. అలాంటి లేఖ తమకు రానేలేదని జవాబిచ్చారు.

సత్యప్రసాద్ గారికి చెప్పాను. ఆయన నా కొలతల పుస్తకం మరోసారి తిరగేశారు. ఆ తరువాత, "నేను నమ్ముతాను. కాని మిగతావాళ్ళకు ఇది ఓడిపోయాక చెప్పే మాటలా వినిపిస్తుంది" అన్నారు. గడువు మాత్రం మారలేదు.

మేడమ్, ఆ సవరణ పంపించింది ఎవరు?

ప్రణతి.

---

రామచంద్రపురం,
సెప్టెంబరు 2.

చిరంజీవి ప్రణతికి,

రానేలేదన్న మాట అర్థం కావడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలవడం లేదు. కాలువగట్టు వెంట నడవడానికి బయలుదేరి, సగం దూరం పోయి, ఎందుకు వచ్చానో తోచక తిరిగి వస్తున్నాను.

ముప్పై ఏడేళ్ళుగా నా వరకు ఆ వ్యాసం సరిగ్గానే ఉంది. నేను ఆ తరువాత చేసిన పెళ్ళిళ్ళన్నిటికీ చౌడుగౌరినే తల్లిని చేశాను, పైర్లు బాగా వచ్చాయి. బయటివారికి రాకపోతే వారి నేలలు వేరు, నీళ్ళు వేరు అనుకున్నాను. ఎన్ని దేశాలవాళ్ళో ఆ వ్యాసాన్ని పేర్కొన్నారని మురిసిపోయాను. వారిలో ఎందరు నాటి చూశారో ఇప్పుడు సందేహం కలుగుతోంది. నువ్వు నాటి చూశావు. సున్నా వేస్తానన్నాను కదా, అది వెనక్కి తీసుకుంటున్నాను.

ఎవరు పంపారని అడిగావు. అది నేను చెప్పను. చెప్పవలసిన మనిషి వేరే ఉన్నారు.

నా మాట నమ్మమని ఎవరినీ అడగను. ఆకును అడుగు. ఆకుకు పచ్చదనం ఇచ్చే హరితరేణువులు వరిలో తల్లి నుంచే బిడ్డకు వస్తాయి. తండ్రి పుప్పొడికి అందులో వాటా లేదు. వాటి వంశం చదివే సాధనం ఆ రోజుల్లో మాకు లేదు, నీ దగ్గర ఉంది. మేడ మీద కుండీల్లో ఏటా పండిస్తున్న తీరమణి, చౌడుగౌరి, భీమ-4 గింజలు ఈ కవరుతో పంపుతున్నాను. మూడింటి ఆకులూ పక్కపక్కన పెట్టి చదువు. నీ దగ్గర ఉన్న మొక్కలు అక్టోబరులో పూతకు వచ్చినప్పుడు పెళ్ళి తిరగేసి జరిపించు.

ఆశీస్సులతో,
సూర్యకళ.

---

కటక్,
అక్టోబరు 21.

పూజ్యులైన మేడమ్ గారికి,

పెళ్ళిళ్ళు జరిగాయి. ఈసారి చౌడుగౌరే పెళ్ళికూతురు. మీరు పంపిన గింజలూ మొలిచాయి. ఆకులు చదివే యంత్రం దగ్గర మా వంతు డిసెంబరులో వస్తుంది.

మీరు చెప్పనన్న పేరు గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. వ్యాసం మీద ఉన్నవి రెండే పేర్లు. మీరు పంపి ఉంటే పంపానని రాసేవారు. మీరు తప్పు దాచేవారు కారు, మరొకరి తప్పును మాత్రం మీ తలకెత్తుకోగలరు. తాతగారేనా? మీరు జవాబివ్వనక్కరలేదు. ఇవ్వకపోతే అవుననుకుంటాను.

నిన్న అమ్మ విత్తన కేంద్రం ముందు పెట్టే పలక ఫొటో పంపింది. 'తీరమణి సృష్టికర్త' అని తాతగారి పేరు ఒక్కటే చెక్కించారు. మీ పేరేదని అడిగితే, చోటు సరిపోలేదని నాన్న అన్నారట. నాకు అన్నం సయించడం లేదు. మీ వైపు మాట్లాడితే ఆయనను పడగొట్టాలి, ఊరుకుంటే మిమ్మల్ని.

ప్రణతి.

---

రామచంద్రపురం,
నవంబరు 9.

చిరంజీవి ప్రణతికి ఆశీస్సులు.

జవాబు రాయకపోతే అవుననుకుంటానన్నావు. నన్ను అలా మూలకు నెట్టడం నీకెవరు నేర్పారో నాకు తెలుసు, నేనే నేర్పాను. అందుకని ఊరుకోలేక నిన్న భీమవరం వెళ్ళివచ్చాను.

గణేష్‌బాబు కారు పంపుతానన్నాడు, వద్దన్నాను. బస్సెక్కి రావులపాలెంలో దిగి, అరటిగెలల లారీల మధ్య నిలబడి భీమవరం బస్సు అందుకున్నాను. ఒకప్పుడు మేము పైరు చూసుకుంటూ నడిచిన చోటల్లా ఇప్పుడు రొయ్యల చెరువులే. దారి పొడుగునా ఆయనను ఏమడగాలో వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కటీ పనికిరాలేదు.

ఆయన గురించి నీకొకటి చెప్పాలి. ఆడమనిషి పొలం పనిని తట్టుకోలేదని ఇద్దరు అధికారులు నన్ను తిప్పి పంపారు. ఆయన మాత్రం "జలగలంటే భయమా అమ్మా?" అని అడిగి, లేదంటే, మర్నాడే రమ్మన్నారు. భీమ-4 భీమవరం పేరు మీద పెట్టానని అందరికీ చెప్పేవారు. ఎవరి పేరో మా పరిశోధన కేంద్రంలో అందరికీ తెలుసు. ఆ పాటి గర్వం తప్ప ఆయనలో వంక పెట్టడానికేమీ లేదు.

వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. మీ అమ్మ నా పేరు చెప్పింది. ఆయన నా పట్టుచీరనూ, చేతిలోని సంచినీ చూశారు.

"శుభలేఖ ఇవ్వడానికొచ్చావా అమ్మా? పెళ్ళెవరిది?"

నన్ను పోల్చుకోలేదని తెలిసింది. వెళ్ళిపోదామనిపించింది. అయినా, ఎందుకో, "తీరమణి తల్లిదండ్రులదండి" అన్నాను.

ఆయన ముఖం మారింది. వెనక్కి వాలి నవ్వారు. "ఆ పిల్ల మొగల్తూరుది కదూ, సూర్యకళమ్మా. చౌడులో పెరిగిన పిల్ల. మనవాడే ఇల్లరికం వెళ్ళాడు."

నా పేరు మీ అమ్మ చెబితే గుర్తుకు రాలేదు. చౌడుగౌరి మాత్రం ఎవరూ పేరెత్తకుండానే గుర్తుకు వచ్చింది, దాని వెంట నేను.

"మరి అచ్చులో అబ్బాయి పేరు ముందు వేశారేమండీ?" అని అడిగాను. ఆ రోజుల్లో సంచిక చేత్తో పట్టుకుని వెళ్ళి అడిగిందీ ఈ ప్రశ్నే. ఆనాడు ఆయన నవ్వుతూ, మగపెళ్ళివారు వేయించిన శుభలేఖలో అబ్బాయి పేరే ముందుంటుందని అన్నారు. వ్యాసం ఇంగ్లీషులో రాసి పంపింది ఆయనే. ఎందరి ఇళ్ళ శుభలేఖలో రాసిపెట్టిన చేయి అది. ఆ అలవాటున, తమ ఇంటి అబ్బాయి అన్న మురిపెంతో, భీమ-4ను ముందు పెట్టేశారు. నేను నవ్వకపోయేసరికి ఆయనకూ సంగతి అర్థమైంది. సవరణ రాసి పంపుతానన్నారు. నెల తరువాత నేను గుర్తుచేస్తే, తలెత్తకుండా, "పంపానమ్మా" అన్నారు. ఆయన మాటను సరిచూసుకోవాలని నాకు తోచలేదు.

నిన్న ఆయన నవ్వలేదు.

"మళ్ళీ వేయిస్తానన్నాను నీకు. వేయించలేదు."

"ఎందుకండీ?"

"పెళ్ళికూతురెవరో తెలియనివాడు పెద్దరికం చేశాడంటారని." నా వైపు చూసి, "నీకు కోపమొచ్చిందా?" అన్నారు.

"ఇప్పుడే వచ్చిందండి."

తల ఊపారు. తరువాత మీ అమ్మను పిలిచి, పెళ్ళివారికి కాఫీ ఇచ్చారా అని అడిగారు. మళ్ళీ నేనెవరో ఆయనకు తెలియలేదు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. పలక సంగతి నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక కూడా నాకు నిలకడ లేదు. ఆయన మీద కోపగించుకుంటే ఆ వసారా గుర్తుకు వస్తోంది. జాలిపడితే నీ మొలకలు గుర్తుకు వస్తున్నాయి. ఏ ఆకు ఏం చెబుతుందో త్వరగా రాయి.

సూర్యకళ.

---

కటక్,
జనవరి 8, 2025.

పూజ్యులైన మేడమ్ గారికి,

తీరమణి పచ్చదనం చౌడుగౌరిది. భీమ-4 జాడ అందులో ఎక్కడా లేదు. కొత్త పెళ్ళిళ్ళ మొలకలకు ఉప్పునీరు పెట్టి కూడా చూశాం. పక్క కుండీల్లో భీమ-4 బిడ్డలు ఒరిగిపోయినా, చౌడుగౌరి బిడ్డలు నిలబడ్డాయి. సత్యప్రసాద్ గారు వాటి ముందు నిలబడి, "నరసాపురానికి టికెట్ తీయించాలి" అన్నారు.

ఇప్పుడు మేము రాసేది మీ వ్యాసాన్ని బలపరిచే వ్యాసం. అయితే పాత పట్టిక తప్పని ముందుగా సవరణ ప్రకటించాలి. ఆ పాత పత్రిక లేదు కనుక మేము పంపే పత్రికవాళ్ళే వేస్తామన్నారు. చిత్తు రాశాను. ఎవరికీ నొప్పి కలగకూడదని, అచ్చుతప్పు వల్ల పేర్లు తారుమారయ్యాయని రాశాను. రచయితల పేర్లు పాత వరుసలోనే తాతగారిది, మీది, చివర నాది. నాన్న మాత్రం విత్తన కేంద్రం ప్రారంభమయ్యేదాకా ఆగమంటున్నారు.

మీ అనుమతి కోసం ఎదురుచూస్తాను.

ప్రణతి.

---

రామచంద్రపురం,
జనవరి 15.

చిరంజీవి ప్రణతికి ఆశీస్సులు.

కిందటి రాత్రి కదలకుండా పడుకున్నాను. కృపారాణి గారు పొద్దున్నే వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

నీ చిత్తుకు నేను అనుమతి ఇవ్వను. అచ్చుతప్పు అంటే ప్రెస్సులో అక్షరాలు పేర్చినవాళ్ళ తప్పని అర్థం. వాళ్ళు తమకు ఇచ్చింది ఇచ్చినట్టు పేర్చారు. చేయని తప్పును వాళ్ళ మీద ఎందుకు వేయాలి? ఇలా రాయి: 'మా వ్యాసంలో తల్లి పేరు రాయవలసిన చోట తండ్రి పేరు రాశాము. తీరమణి తల్లి మొగల్తూరు ప్రాంతపు నాటురకం చౌడుగౌరి.' ఎవరు రాశారన్నది లోకానికి అక్కరలేదు. 'మా' అన్న మాట చాలు. ఆ మాటలో నేనూ ఉండడానికి ఒప్పుకుంటున్నాను.

రచయితల్లో మాత్రం నా పేరు ముందుండాలి. సిగ్గుపడకుండా అడుగుతున్నాను. ఆనాటి పెళ్ళికి పెళ్ళికూతురిని తెచ్చిందీ, చేతులారా జరిపించిందీ నేను. మొదటి శుభలేఖ మగపెళ్ళివారు వేయించారు. ఇది ఆడపెళ్ళివారిది.

విత్తన కేంద్రం ప్రారంభానికి ముందే పంపు. పంపకముందు భీమవరం వెళ్ళి, ఆయనకు తెలివిగా ఉన్న పూట చూసి చదివి వినిపించు. ఆయన వద్దంటే నాకు రాయి. సభకు వస్తాను. పలక మీద చోటు లేదన్నారు కదా, ఏం చెప్పాలో సభలో నోటితో చెబుతాను.

సూర్యకళ.

---

భీమవరం,
ఫిబ్రవరి 3.

పూజ్యులైన మేడమ్ గారికి,

ఈ రోజు ఉదయం తాతగారు నన్ను పేరు పెట్టి పిలిచారు. వెంటనే మీ మాటల్లో ఉన్న సవరణ చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. కాగితం తీసుకుని మీ పేరు మీద వేలు పెట్టారు, దాని కింద తమ పేరు మీద పెట్టారు. "ఆడపెళ్ళివారు వేయించారన్న మాట" అన్నారు. నాన్న మధ్యలో ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టారు.

ఆయన ముందే కంప్యూటర్‌లో పత్రికకు పంపాను. వెళ్ళిపోయిందని చెబితే నమ్మలేదు. "కవరేదీ?" అన్నారు. ఇప్పుడు కవర్లతో పని లేదని నాన్నా, నేనూ ఎంత చెప్పినా వినలేదు. చివరకు అమ్మ ఒక కవరు తెచ్చింది. సవరణ అచ్చు తీసి అందులో పెట్టి, పత్రిక చిరునామా రాసి, స్టాంపు అంటించాను. అంచులు తామే అంటించారు. కారు ఎక్కనన్నారు. నాన్న ఒకవైపు, నేనొకవైపు పట్టుకుంటే వీధి చివర పోస్టు డబ్బా దాకా నడిచారు. కవరు లోపల పడిన చప్పుడు వినబడేదాకా చేయి తీయలేదు.

తిరిగి వస్తూ దారిలో ఆగారు. "సూర్యకళమ్మకు రాయి. పంపానమ్మా అన్నానని రాయి" అన్నారు.

రాస్తున్నాను.

ప్రణతి.